విదేశాలకు సామాను కట్టించేటప్పుడు ప్యాకర్లకు టిప్పు: ఎవరికి, ఎప్పుడు, ఎంత

నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో ఇల్లు ఖాళీ చేసి డాలస్‌కో మెల్‌బోర్న్‌కో దుబాయ్‌కో వెళ్లేవాళ్లకు వీసా కాగితాల దగ్గర్నుంచి సూట్‌కేసు బరువు దాకా సలహా చెప్పేవాళ్లు బోలెడుమంది ఉంటారు. సామాను కట్టి లారీ ఎక్కించినవాళ్లకు ఎంత ఇవ్వాలి, ఎవరి చేతికివ్వాలి అన్నది మాత్రం ఆఖరి గంటలో, వంటింట్లోకి వెళ్లి గుసగుసలాడుకుని తేల్చుకుంటారు. ఆ హడావుడిలో కొందరు అడిగినంతా ఇచ్చేసి తర్వాత బాధపడతారు. కొందరు "కంపెనీకి లక్షలు కట్టాం కదా" అని ఒక్క రూపాయి ఇవ్వకుండా పంపేస్తారు. రెండూ సరికాదు. టిప్పు కంపెనీకి కాదు, మోసిన మనిషికి. అందుకే ఎవరిది వాళ్ల చేతిలోనే పెట్టాలన్నది నేను గట్టిగా చెప్పే మాట. దాన్ని ఎలా జరిపించాలో మొదటి రోజు నుంచి వరసగా చెప్తాను.

1. ముందు కొటేషన్‌ చదవండి

టిప్పు గురించి ఆలోచించాల్సింది సామాను కట్టే రోజు కాదు, కంపెనీతో మాట్లాడుకునే రోజు. విదేశాలకు ఇంటి సామాను పంపే కంపెనీల్లో మన జిల్లాల పని చూసేవి ఎక్కువగా చెన్నై, హైదరాబాద్‌ల నుంచే నడుస్తాయి. వాళ్ల మనిషి ఇంటికొచ్చి గానీ, వీడియో కాల్‌లో గానీ సామానంతా చూసి, ఎన్ని క్యూబిక్ ఫీట్లు వస్తుందో లెక్కకట్టి కొటేషన్ పంపుతాడు. అందులో 'డోర్ టు డోర్' అని ఉంటే మన ఇంటి నుంచి అక్కడి ఇంటి దాకా. 'డోర్ టు పోర్ట్' అని ఉంటే అక్కడి రేవు దాకానే, మిగతా ఖర్చు మీది.

ఆ కొటేషన్ చేతికి రాగానే ఈ ప్రశ్నలు మెయిల్లో అడగండి. ప్యాకింగ్, లోడింగ్ కూలీ ఇందులో కలిసే ఉందా? మెట్లు దింపడానికి వేరే ఛార్జీ ఉందా? లారీ ఇంటి దాకా రాలేకపోతే చిన్న బండిలో మెయిన్ రోడ్డుకు చేర్చే ఖర్చు ఎవరిది? నెల్లూరు మూలాపేట, సంతపేట సందుల్లో ఉన్నవాళ్లకు ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. పెద్ద లారీ లోపలికి రాదు. సామానంతా టాటా ఏస్‌లోకి ఎక్కించి, రోడ్డు మీద మళ్లీ దింపి, లారీలోకి ఎక్కించాలి. అంటే పనివాళ్లకు రెండింతలు మోత. దానికి కంపెనీ మీ దగ్గర ముందే డబ్బు తీసుకుందా లేదా అన్నది కాగితం మీద ఉండాలి. లేకపోతే ఆ రోజు "ఇది మా లెక్కలో లేదు సార్, మీరే చూసుకోవాలి" అన్న మాట వస్తుంది. అక్కడితో కూలీకీ టిప్పుకీ తేడా పోతుంది, మీకేమో టెన్షన్.

ఇంకొక్క ప్రశ్న కూడా అడగండి: మీ పనివాళ్లు టిప్పు తీసుకోవచ్చా? కొన్ని కంపెనీలు తీసుకోవద్దని వాళ్ల మనుషులకు చెప్పి ఉంచుతాయి. అలాంటప్పుడు మంచి భోజనం పెట్టించి, చివర్లో వాళ్ల పేర్లతో కంపెనీకి మంచి మాట రాసి పంపితే సరిపోతుంది.

బిల్లు మీద శాతం లెక్క మాత్రం వేయొద్దు. హోటల్లో బిల్లుకు పది శాతం పెట్టే అలవాటు కొద్దీ కొందరు ఇక్కడా అదే లెక్క వేయబోతారు. మూడు నాలుగు లక్షల బిల్లులో ఓడ కిరాయి, రెండు రేవుల ఖర్చులు, కస్టమ్స్ క్లియరెన్స్, అక్కడి డెలివరీ, జీఎస్టీ అన్నీ ఉంటాయి. మన ఇంట్లో ఆ ఒకటి రెండు రోజులు చెమటోడ్చిన మనుషుల వాటా అందులో కొంతే. టిప్పును మనిషికింత, రోజుకింత అని లెక్కేయాలి. అదే న్యాయం.

2. ఎవరెవరు వస్తారో రాసుకోండి

సామాను కట్టే ముందు రోజు కంపెనీకి ఫోన్ చేసి "రేపు ఎంతమంది వస్తున్నారు? వాళ్లే రెండో రోజూ వస్తారా?" అని కనుక్కోండి. ఈ రెండో ప్రశ్న చాలామందికి తట్టదు. పెద్ద ఇల్లయితే మొదటి రోజు ప్యాకర్లు వచ్చి అట్టపెట్టెలు కట్టేసి వెళ్లిపోతారు, రెండో రోజు లోడింగ్‌కు వేరే జట్టు వస్తుంది. టిప్పంతా రెండో రోజుకు దాచిపెడితే గాజు సామాను జాగ్రత్తగా చుట్టిన చేతులకు ఏమీ అందదు. మనుషులు మారుతున్నారంటే మొదటి రోజు సాయంత్రమే వాళ్లది వాళ్లకు ఇచ్చేయాలి.

మామూలుగా ఒక సూపర్‌వైజర్, ముగ్గురు నలుగురు ప్యాకర్లు, లారీ డ్రైవరు, క్లీనరు ఉంటారు. పూజా మందిరం, పెద్ద అద్దం, పాలరాతి బల్ల లాంటివి ఉంటే చెక్క పెట్టె బిగించడానికి వడ్రంగి కూడా వస్తాడు. సముద్రం దాటే చెక్క ప్యాకింగ్‌ను పురుగు లేకుండా వేడి చేసి గానీ, మందు పొగ పట్టించి గానీ ముద్ర వేసి ఉండాలన్నది ఐ.ఎస్.పి.ఎం. 15 అనే అంతర్జాతీయ నిబంధన. అందుకని ముద్ర ఉన్న పలకలే తెచ్చి ఇంటి ముందు కొలిచి కోసి బిగిస్తారు. మధ్యాహ్నం వచ్చి రెండు గంటల్లో పని ముగించుకుని వెళ్లిపోయే మనిషి కాబట్టి వడ్రంగిని చాలామంది మర్చిపోతారు. అతని పేరు కూడా మీ చీటీలో రాసుకోండి.

అపార్ట్‌మెంటు అయితే వాచ్‌మన్‌ను వదలొద్దు. రోజంతా లిఫ్టు మీవాళ్లకే తెరిచి ఉంచేదీ, లారీ నిలపడానికి స్కూటర్లు జరిపించేదీ అతనే.

3. డబ్బు ముందే విడదీసి పెట్టుకోండి

ఎంత ఇవ్వాలో ఎక్కడా రాసిపెట్టిన రేటు లేదు. మన ఊళ్ల రోజు కూలీలు, పని బరువు చూసి నేను చెప్పే లెక్క ఇది. పూటలో అయిపోయే చిన్న పనికి మనిషికి 200 రూపాయలు. రోజంతా కట్టి, దింపి, లారీ ఎక్కించే పనికి మనిషికి 300 నుంచి 500. లిఫ్టు లేని మూడో అంతస్తు నుంచి దింపినా, సందులో నుంచి రెండుసార్లు మోసినా 500కు తగ్గించొద్దు. సూపర్‌వైజర్‌కు మిగతావాళ్ల కంటే 100, 200 ఎక్కువ. డ్రైవరుకు 200, క్లీనరుకు 100. వాళ్లు మోతలో కూడా చెయ్యి వేస్తే ప్యాకర్లతో సమానంగా ఇవ్వండి. వడ్రంగికి 200. సూపర్‌వైజర్‌తో కలిపి ఐదుగురి జట్టుకు రోజంతా పనికి మొత్తం పదహారు వందల నుంచి మూడు వేల లోపు తేలుతుంది. పరదేశం దాకా పోయే సామానుకు ఇది మోయలేని ఖర్చు కాదు. అంత ఇవ్వలేని పరిస్థితైతే మనిషికి వందైనా సరే, అందరికీ ఇవ్వండి.

నోట్ల సంగతి చూసుకోండి. ఇల్లు మారే రోజు మీ పర్సులో ఉండేది 500 నోట్లే. చిల్లర కోసం చివరి నిమిషంలో కిరాణా కొట్టుకు పరిగెత్తే బదులు రెండు రోజుల ముందే 100, 200 నోట్లు తెచ్చి, మనిషికొక కవరులో పెట్టి, కవరు మీద 'ప్యాకర్', 'డ్రైవర్' అని రాసి హ్యాండ్‌బ్యాగులో వేసుకోండి. బీరువాలో పెట్టొద్దు. బీరువా కూడా కట్టేస్తారు! ఫోన్‌పే, గూగుల్‌పే అయినా ఫర్వాలేదు కానీ అందరికీ కలిపి ఒక్కరి నంబరుకు కొట్టొద్దు.

మన ఇళ్లలో పెద్దవాళ్లున్నప్పుడు ఇంకో సంగతి కూడా ఉంటుంది. శుక్రవారం ఇంట్లో డబ్బు బయటికివ్వరు. దీపాలు పెట్టే వేళ దాటాక ఇవ్వడానికీ కొందరు ఒప్పుకోరు. లోడింగ్ సరిగ్గా ఆ వేళకే ముగుస్తుంది. మీ ఇంట్లో ఈ పట్టింపు ఉంటే పని శుక్రవారం పడకుండా చూసుకోండి. తప్పకపోతే కవర్లు గురువారమే సిద్ధం చేసి పక్కింటివాళ్ల దగ్గరో తమ్ముడి దగ్గరో ఉంచి, వాళ్ల చేత ఇప్పించండి. పెద్దవాళ్ల మనసు కష్టపెట్టకుండా, పనివాళ్లను "రేపు రండి" అనకుండా రెండూ జరిగిపోతాయి. ఆ కుర్రాళ్లు రాత్రికే చెన్నై వెళ్లిపోతారు, రేపు అనేది వాళ్లకు లేదు.

4. కట్టే రోజు: తిండి, నీళ్లు, చూపు

ఏప్రిల్, మే నెలల్లో నెల్లూరు, ఒంగోలు ఎండలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. పిల్లల స్కూళ్లు అయిపోయాయని ఎక్కువమంది ఇల్లు మారేది కూడా అప్పుడే. పైగా ఫ్యాన్లు విప్పేస్తారు, ఫ్రిజ్ కట్టేస్తారు. కాబట్టి ముందే 20 లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు మూడు తెప్పించండి. ఉప్పేసిన మజ్జిగ ఒక పెద్ద గిన్నెడు పక్కింట్లో పెట్టించండి. గ్లాసులు కట్టేస్తారు కాబట్టి పేపర్ గ్లాసులు తెచ్చుకోండి. పదకొండింటికి టీ, ఒంటిగంటకు భోజనం, నాలుగింటికి మళ్లీ టీ. మీల్స్ పార్శిల్ తెప్పించేటప్పుడు జట్టులో ఎవరైనా శాకాహారులు ఉన్నారేమో అడగండి. ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కుర్రాళ్లయితే చపాతీలు అడగొచ్చు. భోజనం పెట్టాం కదా అని టిప్పులో కోత వేయడం మన పద్ధతి కాదు.

మందుకు మాత్రం డబ్బులివ్వొద్దు. "సాయంత్రం ఏదైనా చూడండి సార్" అని నసుగుతారు. సీసా కొనిచ్చే మర్యాద ఈ పనిలో పనికిరాదు. ఆ లారీ నెల్లూరు నుంచి చెన్నైకి 16వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 175 కిలోమీటర్లు, ఒంగోలు నుంచైతే దాదాపు 300 కిలోమీటర్లు రాత్రివేళ పోవాలి. మీ సామానే కాదు, ఆ మనుషుల ప్రాణాలూ అందులోనే ఉన్నాయి.

మీరు పక్కనే నిలబడి ప్రతిదానికీ "జాగ్రత్త, జాగ్రత్త" అంటుంటే పని నెమ్మదిస్తుంది. బదులుగా ఒక అరగంట కూర్చుని వంటింటి సామాను ఎలా కడుతున్నారో చూడండి, ఎవరికి ఎంత ఇవ్వాలో మీకే తెలిసిపోతుంది. పని తెలిసినవాడు పెట్టె అడుగున నలిపిన కాగితం మందంగా పరుస్తాడు. పింగాణీ ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టడు, ఒక్కొక్కటీ కాగితంలో చుట్టి అంచు మీద నిలబెడతాడు. అలా నిలబెడితే అదురుకు పగలవు. గ్రైండరు రాయిని డ్రమ్ములోనే వదిలేయకుండా బయటికి తీసి విడిగా చుడతాడు. మూత వేశాక పెట్టెను రెండు చేతులతో కొద్దిగా ఊపి, లోపల కదులుతున్న చప్పుడు వస్తే మళ్లీ తెరిచి కాగితం కూరతాడు. టేపు వేసి, నంబరు రాసి, అదే నంబరు ప్యాకింగ్ లిస్టులో ఎక్కించమని సూపర్‌వైజర్‌కు కేక వేస్తాడు. పని రానివాడు స్టీలు గిన్నెలూ గాజు గ్లాసులూ కలిపేసి పైన దుప్పటి కుక్కుతాడు. మొదటివాడికి అందరి ముందూ ఇచ్చేది ఇచ్చి, వెళ్లేటప్పుడు విడిగా ఇంకో వంద చేతిలో పెట్టండి. అది అతనికి గుర్తుండిపోతుంది.

పని త్వరగా అవుతుందని మీరే కొన్ని పెట్టెలు కట్టి పెట్టొద్దు. యజమాని స్వయంగా కట్టుకున్న పెట్టెలో వస్తువు పగిలితే ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ సాధారణంగా వర్తించదు. ఇష్టంగా కొనుక్కున్న ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లు, చెక్క బొమ్మలు ఉంటే అన్నీ ఒకే పెట్టెలో వేయించి, లిస్టులో 'చెక్క వస్తువులు' అని రాయించండి. ఆస్ట్రేలియా వెళ్లేవాళ్లు చెక్క వస్తువులు తప్పకుండా ప్రకటించాలి. ఒకే పెట్టెలో ఉంటే తనిఖీవాళ్లు అదొక్కటే తెరుస్తారు. పచ్చళ్లు, పప్పులు, విత్తనాలు ఈ సామానులో వేయనే వద్దు.

5. ఇచ్చే వేళ, ఇచ్చే తీరు

లారీ తలుపు వేశాక, ప్యాకింగ్ లిస్టు మీద మీరు సంతకం పెట్టి మీ కాపీ తీసుకున్నాక ఇవ్వండి. పని మొదలవ్వక ముందు ఇస్తే అది టిప్పు అవ్వదు, అడ్వాన్సు అవుతుంది. సగంలో ఇస్తే మిగతా సగానికి మళ్లీ అడుగుతారు. పొద్దున్నే, టీ ఇచ్చేటప్పుడే సూపర్‌వైజర్‌తో అందరూ వినేలా ఒక్క మాట అనండి: "అన్నా, పని బాగా చేయండి. అయిపోయాక ఒక్కొక్కరికీ నేనే ఇస్తాను." ఈ ఒక్క మాటతో రోజంతా అడిగేవాళ్లు ఉండరు, చివర్లో బేరం ఉండదు.

తర్వాత నిజంగానే ఒక్కొక్కరికీ ఇవ్వండి. సూపర్‌వైజర్‌కు మొత్తం ఇచ్చి "అందరికీ పంచు" అనడం సులువే. కానీ ఆ పంపకం ఎలా జరుగుతుందో మీరు చూడరు. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో మాకు తెలిసిన పెద్దాయన అలాగే మూడు వేలు సూపర్‌వైజర్ చేతిలో పెట్టారు. కాసేపటికి నీళ్ల సీసా మర్చిపోయానని వెనక్కొచ్చిన కుర్రాడు మెట్ల మీద ఆగి, "అంకుల్, మాకేమీ ఇవ్వలేదా?" అని అడిగాడు. అప్పటికి లారీ మలుపు తిరిగిపోయింది. ఆయన జేబులో ఉన్న రెండు వందలు తీసి ఇచ్చారు గానీ మిగతా ముగ్గురి సంగతి అలాగే ఉండిపోయింది. ఫ్రిజ్‌ను వీపు మీద మోసి దింపింది ఆ కుర్రాడే. మోసినవాడికి అందకుండా పోవడం కంటే అన్యాయం ఈ పనిలో ఇంకొకటి లేదు.

అందుకే గుమ్మం దగ్గర నిలబడి పేరు అడిగి, కుడిచేత్తో కవరు ఇచ్చి, "బాగా కట్టారయ్యా" అని ఒక మాట అనండి. చిన్నవాడైతే తమ్ముడూ, పెద్దవాడైతే అన్నా. తెలుగు రాని కుర్రాడైనా ఆ గొంతు అర్థమవుతుంది. పెద్దవాళ్లు ఇస్తుంటే 116, 516 అని ఇవ్వాలనుకోవచ్చు. శుభమే, చిల్లర ముందు చూసుకోండి.

6. మధ్యలో డబ్బు కోసం పేచీ పెడితే

సామాను సగం లారీ ఎక్కాక "ఇంత ఇస్తేనే మిగతాది ఎక్కిస్తాం" అన్నవాళ్లకు టిప్పు లేదు. గొడవ పడొద్దు, డబ్బూ తీయొద్దు. కొటేషన్ పంపిన మనిషికి వాళ్ల ముందే ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి, లోడింగ్ కూలీ కలిసే ఉందన్న మెయిల్ సంగతి చెప్పండి. అదనంగా ఏదైనా కట్టాల్సిందే అని కంపెనీ అంటే బిల్లులో రాసి పంపమనండి. బిల్లు లేని డబ్బు ఇవ్వనని చెప్పండి. చాలావరకు ఫోన్ కాల్‌తోనే సర్దుకుంటుంది. బీరువా అంచు గోడకు కొట్టుకుని సొట్ట పడితే అదీ ప్యాకింగ్ లిస్టులో రాయించి ఫోటో తీసుకోండి. చిన్న దెబ్బకు అందరి టిప్పూ ఆపొద్దు. నిర్లక్ష్యంగా విసిరేసిన మనిషికి మాత్రం ఇవ్వాల్సిన పనిలేదు, ఎందుకివ్వలేదో సూపర్‌వైజర్‌కు చెప్పండి.

7. అమ్మానాన్నలే దగ్గరుండి కట్టిస్తుంటే

పిల్లలు ముందే అమెరికా వెళ్లిపోయి, ఇక్కడి ఫ్లాటులో సామాను అమ్మానాన్నల చేత కట్టించి పంపించడం మన జిల్లాల్లో ఎక్కువే. ఆరుగురు కుర్రాళ్లు ఇంట్లో తిరుగుతుంటే డెబ్బై ఏళ్ల ఇద్దరు ఏ మాటకీ కాదనలేరు. "అమ్మగారూ, మీ అబ్బాయి డాలర్లలో సంపాదిస్తున్నాడు కదా" అన్న మాట తప్పకుండా వస్తుంది. మీరు దూరంగా ఉన్నప్పుడు వాళ్ల మీద భారం పడకుండా ఇలా చేయండి.

వారం ముందే మీ అమ్మకో నాన్నకో ఎవరికెంత అన్న చీటీ వాట్సాప్‌లో పంపి, కవర్లు వాళ్ల చేతే పెట్టించండి. చేతులతో సిద్ధం చేసుకున్న లెక్క కాబట్టి వాళ్లకు ధైర్యంగా ఉంటుంది. కట్టే రోజు పొద్దున్నే సూపర్‌వైజర్‌కు మీరే ఫోన్ చేసి, "టిప్పు నేను లెక్క చూసి పెట్టాను, అమ్మ చివర్లో అందరికీ ఇస్తుంది. అదనంగా ఏదైనా ఉంటే నన్నడగండి, వాళ్లను అడగొద్దు" అని మర్యాదగా చెప్పండి. బాబాయ్ కొడుకో, ఎదురింటివాళ్లో ఒకరు సాయంత్రం ఆ గంటసేపు ఉండేలా చూడండి. మీ అమ్మ ఆ కుర్రాళ్లకు కవరుతో పాటు అరిసెలో మలై కాజాలో కూడా పెట్టి పంపిస్తే వద్దనకండి. వాళ్ల సంతోషం వాళ్లది.

8. పాత సామాను ఇచ్చేస్తే

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాత మంచం, పరుపు, కుండీలు, ప్లాస్టిక్ కుర్చీలు మిగులుతాయి. "ఇవి తీసుకుపోతావా?" అని పనివాళ్లను అడగడం మామూలే. ఇవ్వండి, కానీ దాన్ని టిప్పు కింద జమ కట్టొద్దు. చెన్నై కుర్రాడు ఆ మంచాన్ని ఏం చేసుకుంటాడు? తీసుకుంటానంటే మాత్రం ఒక కాగితం మీద 'ఈ వస్తువులు నేనే ఇచ్చాను' అని రాసి, సంతకం, తేదీ వేసి ఆ కుర్రాడి చేతికివ్వండి. గోడౌన్‌లో కస్టమర్ సామాను అతని దగ్గర కనపడితే దొంగతనం అంటారు. మీ మంచితనం అతని ఉద్యోగం మీదికి రాకూడదు.

9. పోర్టులో "ఖర్చులు"

సామాను చెన్నై చేరాక కంపెనీవాళ్లో ఏజెంటో ఫోన్ చేసి "కస్టమ్స్‌లో కొంచెం ఖర్చు అవుతుంది, క్యాష్‌గా పంపండి" అంటే అది టిప్పు కాదు. రసీదు ఉన్న ఫీజు అయితే కట్టండి. రసీదు లేదంటే అది లంచం. 2018లో అవినీతి నిరోధక చట్టానికి చేసిన సవరణ తర్వాత లంచం ఇవ్వడం కూడా నేరమే. అక్కడి దేశంలో కస్టమ్స్ మనిషికి, తనిఖీ అధికారికి ఒక్క డాలర్ కూడా చాపొద్దు. మర్యాదకని ఇచ్చినా పెద్ద కేసవుతుంది.

10. అక్కడ దిగాక ఏ దేశంలో ఏ తీరు

సామాను ఓడ మీద వారాల తరబడి వెళ్తుంది. మీరు ఇల్లు చూసుకుని, బ్యాంకు ఖాతా తెరిచాకే చేరుతుంది. కాబట్టి డెలివరీ టిప్పు కోసం ఇక్కడి నుంచే డాలర్లు మోసుకెళ్లక్కర్లేదు. విమానంలో పంపిన పెట్టెలు ముందే వస్తాయనుకుంటే మాత్రం ఇక్కడ కరెన్సీ మార్చుకునేటప్పుడు వంద డాలర్ల నోట్లు కాకుండా ఐదు, పది, ఇరవై నోట్లు అడిగి తీసుకోండి. అక్కడ తలుపు కొట్టేది మన ఇంటికొచ్చిన జట్టు కాదు, ఆ ఊరి వేరే కంపెనీ మనుషులు. ఇక్కడ ఇచ్చేశాం కదా అనుకుంటే వాళ్లకు అందదు. అలాగని మన లెక్కలూ అక్కడ పనికిరావు.

అమెరికాలో టిప్పు అలవాటు గట్టిది. కానీ రెస్టారెంటు లెక్క వేరు, ఇది వేరు. అక్కడ సర్వర్లకు ఫెడరల్ చట్టం ప్రకారం గంటకు 2.13 డాలర్ల దాకా తక్కువ జీతం ఇవ్వొచ్చు, టిప్పులతో కనీస వేతనం పూర్తవ్వాలి. అందుకే బిల్లు మీద 15, 20 శాతం. సామాను మోసేవాళ్లకు మామూలు జీతమే ఉంటుంది. కాబట్టి తప్పనిసరి కాదు, కానీ ఇవ్వడం మర్యాద. పూట పనికి మనిషికి 20 డాలర్లు, రోజంతా పడితే 40 నుంచి 50 అన్నది అక్కడ ఎక్కువగా వినపడే లెక్క. మెట్లెక్కి మంచాలు బిగించి, ఖాళీ అట్టలు కూడా తీసుకుపోతే పై అంకె వైపు వెళ్లండి. కెనడా కూడా దాదాపు ఇంతే.

బ్రిటన్‌లో ఆశించరు. ఇవ్వాలనిపిస్తే మనిషికి 5 నుంచి 10 పౌండ్లు, దానికంటే ముందు టీ, బిస్కెట్లు. టీ ఇవ్వకపోతే మాత్రం కాస్త చిన్నబుచ్చుకుంటారు. జర్మనీలో పని నచ్చితే మనిషికి 5, 10 యూరోలు చేతిలో పెట్టడం మామూలు. ఆస్ట్రేలియాలో జీతాలు బాగానే ఉంటాయి, టిప్పు అలవాటు లేదు. చల్లటి నీళ్లు, కూల్‌డ్రింకు ఇస్తే చాలు. సింగపూర్‌లోనూ ఇవ్వాలన్న నియమం లేదు. జపాన్‌లో చేతికి నోటు చాపితే ఇబ్బంది పడతారు, చాలా కంపెనీలు వద్దనే చెప్తాయి. సీలు వేసిన చల్లటి టీ సీసాలు ఇవ్వండి, రెండు చేతులతో, కాస్త తలవంచి.

గల్ఫ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. దుబాయ్, అబుదాబీలో టిప్పు తప్పనిసరి కాదు, కానీ మోసేవాళ్లు చాలావరకు మన ఉపఖండం మనుషులే. కడప, నెల్లూరు, ప్రకాశం కుర్రాళ్లు కూడా ఉంటారు. జీతంలో ఎక్కువ భాగం ఊరికి పంపేవాళ్లు. మనిషికి 20 నుంచి 50 దిర్హామ్‌లు ఇవ్వండి, తెలుగువాడైతే ఊరు పేరు అడిగి మాట్లాడండి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఉంది. డెలివరీ ఆ వేళకు పెట్టమని ఒత్తిడి చేయొద్దు. ఆలస్యమైనా సాయంత్రమే రమ్మనండి, తలుపు తీయగానే చల్లటి నీళ్లివ్వండి.

ఏ దేశమైనా డెలివరీ కాగితం మీద సంతకం ముందు, టిప్పు తర్వాత. మీ దగ్గరున్న ప్యాకింగ్ లిస్టు నంబర్లు పెట్టెల మీద సరిపోయాయో చూసుకుని, తడిసినవి, నలిగినవి, రానివి ఆ కాగితం మీదే రాసి సంతకం పెట్టండి. టిప్పు తీసుకున్న మొహమాటంతో వాళ్లు గానీ, ఇచ్చిన మొహమాటంతో మీరు గానీ ఆ రాత ఆపొద్దు. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కు పనికొచ్చేది అదే. క్లెయిమ్ గడువు పాలసీలో చూసుకుని మీరు స్థిరపడ్డ వారంలోనే పెట్టెలన్నీ విప్పండి.

అప్పుడే ఇంకో పది నిమిషాలు తీసుకుని, నెల్లూరులో మీ ఇంటి సామాను కట్టిన జట్టు గురించి కంపెనీకి మెయిల్ రాయండి. ప్లేట్లు ఒక్కటీ పగల్లేదని, ఫలానా పేరు గల ప్యాకర్ చాలా శ్రద్ధగా కట్టాడని రాయండి. పేరు గుర్తులేకపోతే ప్యాకింగ్ లిస్టు కింద సూపర్‌వైజర్ సంతకం ఉంటుంది, తేదీతో సహా అది రాస్తే చాలు.